ఏ కారు ఎన్నేళ్లు నిలుస్తుందో లెక్కలు బయటపెట్టండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ వారికి బహిరంగ లేఖ

అయ్యా,

విజయవాడ పటమటలో ట్రావెల్స్ నడుపుకుంటున్న వాణ్ని. మన దేశపు కంపెనీల బండ్లూ, జపాన్, కొరియా, అమెరికా పేర్లున్న బండ్లూ మా దగ్గర తిరిగాయి. మా వ్యాపారమంతా ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుంది. తెల్లవారుజామున బండి స్టార్ట్ కావాలి, తిరుపతో అన్నవరమో వెళ్లి దారిలో ఎక్కడా మొరాయించకుండా ఇల్లు చేరాలి. ముహూర్తానికి అందుకోవాల్సిన పెళ్లివాళ్లు ఒంగోలు దగ్గర రోడ్డు పక్కన నిలబడిపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఆ కుటుంబం మళ్లీ మా గుమ్మం తొక్కదని కూడా తెలుసు.

మా పేటలో ఎవరు కారు కొనాలనుకున్నా ఆఫీసుకొచ్చి అడిగే మాట ఒకటే. "బాబాయ్, మన కంపెనీ కారు తీసుకోమంటావా, ఫారిన్ కంపెనీది తీసుకోమంటావా?" మామూలు కుటుంబానికి ఇల్లు తర్వాత అంత పెద్ద ఖర్చు కారే. నాకు తెలిసినంతలో చెబుతాను. కానీ నా దగ్గరున్నవి నా బండ్ల అనుభవాలు, ఆటోనగర్ షెడ్లలో విన్న మాటలు మాత్రమే. దేశంలో ఏటా 40 లక్షలకు పైగా కార్లు, ఎస్‌యూవీలు, వ్యాన్లు అమ్ముడవుతున్నాయి. వాటిలో ఏ మోడల్ ఎన్నేళ్లకు ఎక్కడ దెబ్బతింటోందో కొనేవాడు చూసుకునేందుకు ప్రభుత్వం పెట్టిన పట్టిక ఒక్కటీ లేదు. ఆ సమాచారంలో చాలా భాగం మీ శాఖ పరిధిలోనే పోగవుతోంది. దాన్ని జనం ముందు పెట్టమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

జనంలో ఉన్న నమ్మకాలు మీకూ తెలిసే ఉంటాయి. జపాన్ బండి కళ్లు మూసుకుని కొనొచ్చు. మన బండి రేకు గట్టిది, చిల్లర రిపేర్లు ఎక్కువ. జర్మన్ బండి కొంటే షెడ్డువాణ్ని పోషించాలి. కొరియా బండిలో హంగులు బాగుంటాయి గానీ నాలుగేళ్లు పోయాక చూడాలి. ఇవి ఊరికే పుట్టిన మాటలు కావు, జేబులో డబ్బు పోయినవాళ్లు చెప్పిన మాటలు. అయితే ఒక్కోటి ఒక్కో కాలంలో, ఒక్కో మోడల్‌తో పుట్టింది. ఆ తర్వాత కంపెనీలు మారాయి, ఫ్యాక్టరీలు చేతులు మారాయి. మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఇండికానే చూడండి. 1998 చివర్లో వచ్చిన మొదటి బండ్ల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. టాటా వాళ్లు వాటిని సరిచేసి 2001లో వీ2 తెచ్చాక అదే ఇండికా మన టాక్సీ స్టాండ్లను ఏలింది. మొదటి బండి కొన్నవాడు ఇప్పటికీ తిడతాడు, రెండోది నడిపినవాడు ఇప్పటికీ మెచ్చుకుంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

అసలు ఏది మన కారు, ఏది బయటి కారు? అంబాసిడర్ మనదే అనుకుంటూ పెరిగాం. దాని మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. పద్మిని ఇటలీ ఫియట్ 1100. 1983లో వచ్చిన మారుతి 800 సుజుకి వారిది. లారీలకు పేరుపడ్డ మా ఊళ్లో ఇది మరీ పాత సంగతి. టాటా లారీలు 1954 నుంచి 1969 దాకా డైమ్లర్ బెంజ్ ఒప్పందంతో తయారయ్యాయి. ఇవాళ కొరియా కంపెనీ కియా కార్లు 2019 నుంచి మన పెనుకొండలోనే తయారవుతున్నాయి. ఎంజీది బ్రిటిష్ పేరు, దాన్ని ఇక్కడికి తెచ్చింది చైనా కంపెనీ సాయిక్, బండి తయారయ్యేది గుజరాత్‌లోని హలోల్‌లో. ఆ ఫ్యాక్టరీ అంతకుముందు అమెరికా జనరల్ మోటార్స్‌ది. జాగ్వార్, ల్యాండ్ రోవర్ 2008 నుంచి టాటా సొత్తు. నిజంగా ఓడ దిగి వచ్చే కార్లు ఇప్పటికి బహు కొద్ది, వాటి మీద సుంకం అంత ఎక్కువ మరి. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం కోటా మేరకు ఆ సుంకం 10 శాతానికి దిగుతుంది కాబట్టి ముందు ముందు అవీ పెరుగుతాయి. అంటే "మనదా, బయటిదా" అని అడిగేవాళ్లు ఇంకా పెరుగుతారు.

2019లో టయోటా గ్లాంజా వచ్చింది. అది మారుతి బలెనోనే. ఇంజిన్ అదే, బాడీ అదే, తయారైంది గుజరాత్‌లోని సుజుకి ఫ్యాక్టరీలోనే. ముందువైపు గ్రిల్లూ పేరూ మాత్రం మారాయి. టయోటా దానికి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఇచ్చింది. బలెనోకు మారుతి అప్పట్లో ఇచ్చింది 2 ఏళ్లు లేదా 40 వేల కిలోమీటర్లే. 2024లో మారుతి కూడా లక్ష కిలోమీటర్లకు పెంచింది. ఒకే బండికి అన్నేళ్లపాటు రెండు రకాల భరోసా ఎందుకుంది? ఆ ఇనుము ఎంతకాలం మన్నుతుందో రెండు కంపెనీలకూ తెలుసు. తెలియనిది డబ్బు కట్టినవాడికే.

ఇలాంటిదే అమెరికాలో ఎప్పుడో జరిగింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి దాన్నే మళ్లీ తెరిచారు. పనివాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే, పని పద్ధతి మాత్రం టయోటాది. నాణ్యత జపాన్ ఫ్యాక్టరీలకు దీటుగా వచ్చింది. తర్వాత అదే లైన్ మీద టయోటా కొరోలా, అమెరికా పేరుతో జియో ప్రిజమ్ పక్కపక్కన తయారయ్యేవి. రెండూ దాదాపు ఒకే కారు. అయినా జనం కొరోలాకే ఎగబడ్డారు, సెకండ్ హ్యాండ్‌లో ప్రిజమ్‌కు తక్కువ ధర పలికేది. పేరు చూసి కొన్నవాళ్లు అదనంగా డబ్బు పెట్టారు. పోనీ అక్కడ కన్స్యూమర్ రిపోర్ట్స్ లాంటి సంస్థలు ఓనర్లను ఏటా అడిగి మోడల్ వారీగా లెక్కలు ప్రచురిస్తాయి, ఓపికున్నవాడు చూసుకోవచ్చు. మనకు ఆ దారీ లేదు.

ఇక మా ఊరి రోడ్ల మీద చూసినవి చెబుతాను. విజయవాడ మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. గుడి దగ్గర ప్యాసింజర్ల కోసం ఏసీ వేసుకుని ఆగిన బండిలో ఫ్యాన్ మోటారు, కంప్రెసర్, బ్యాటరీ మూడూ ఒకేసారి పరీక్షకు నిలబడతాయి. చల్లటి దేశంలో ఆరేళ్లొచ్చే బ్యాటరీ ఇక్కడ అన్నాళ్లు రాదు. ఇందులో మన బండి, బయటి బండి అనే తేడా నాకు కనిపించలేదు. రేడియేటర్ ఎంత పెద్దది పెట్టారు, గొట్టాల రబ్బరు ఎలాంటిది వాడారు అన్నదే తేడా.

గేర్‌బాక్సుల దగ్గర తేడా బాగా కనిపిస్తుంది. బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా సాయంత్రంపూట కదిలి ఆగి, కదిలి ఆగి పోతుంటే డ్రై క్లచ్ రకం, అంటే క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండని రకం ఆటోమేటిక్‌లు వేడెక్కుతాయి. ఇది ఒక దేశానికి అంటగట్టే జబ్బు కాదు. ఫోక్స్‌వ్యాగన్ 2013లో చైనాలో డీఎస్‌జీ అనే ఈ రకం గేర్‌బాక్స్ సమస్యతో 3.8 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది. అలాంటి గేర్‌బాక్స్ పవర్‌షిఫ్ట్ మీద ఫోర్డ్ అమెరికాలో కోర్టు కేసులే ఎదుర్కొంది. రెండూ పేరున్న కంపెనీలే. దెబ్బతిన్నది ఒక రకం డిజైన్. ఆ డిజైన్ ఉన్న కారు ఏదో, అది మన ట్రాఫిక్‌లో ఎన్ని వేల కిలోమీటర్లు నిలుస్తోందో పేరు చూస్తే తెలియదు, లెక్క చూస్తేనే తెలుస్తుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లకు డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ తగిలింది. బండి కాసేపు ఏకధాటిగా వేగంగా నడిచి పొగగొట్టం బాగా వేడెక్కితేనే ఆ మసి కాలి బూడిదవుతుంది. నాకు తెలిసిన ఒక డాక్టరు గారు పటమటలో ఇంటి నుంచి సూర్యారావుపేటలో హాస్పిటల్‌కు, అక్కణ్నుంచి మళ్లీ ఇంటికి తప్ప బండి తియ్యరు. బండికి ఏమీ కాలేదు, కానీ మాటిమాటికీ లైటు వెలుగుతుంది. షెడ్డులో మెకానిక్ చెప్పిన వైద్యం ఇది: "వారానికోసారి హైవే మీద గుంటూరు దాకా తిప్పుకురండి సార్." షోరూంలో కొనేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదట. చెప్పుంటే ఆయన పెట్రోల్ బండి తీసుకునేవారు. ఈ ఇబ్బంది మన కంపెనీ డీజిల్‌లోనూ ఉంది, బయటి కంపెనీ డీజిల్‌లోనూ ఉంది.

ఇక 2024 సెప్టెంబరు 1. బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగిపోయాయి. సెల్లార్లలో, సందుల్లో ఉన్న కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీళ్లు తీశాక ఆటోనగర్‌కు వెళ్తే రోడ్లకు రెండువైపులా కట్టి లాక్కొచ్చిన బండ్లే. నేను చూస్తుండగా ఒక మెకానిక్ కుర్రాడు డ్రైవరు సీటు విప్పి తీసి, కింద కార్పెట్ లేపాడు. అరచేతి మందాన ఒండ్రు. అందులోంచి వైరింగ్ కట్ట ఒకటి పైకి లాగి, దాని చివర కనెక్టర్ ఊడదీసి చూపించాడు. సన్నటి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టేసింది. "దీన్ని కడిగి ఆరబెట్టినా ఇవాళ స్టార్టవుద్ది బాబాయ్, రేపు ఏ లైటు వెలుగుద్దో చెప్పలేం" అన్నాడు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ పెట్టె గేర్ లివర్ కింద, నేలకు ఆనుకుని ఉంది. అది మునిగాక మార్చాల్సిందే.

ఆ నెలల్లో నేను గమనించింది ఇది. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లకుండా, తాళం తిప్పకుండా ఉన్న పాత మారుతి బండ్లు, పాత మహీంద్రా జీపులు ఆయిల్ మార్చి, వైరింగ్ ఆరబెట్టి, సీట్లు ఎండబెడితే తిరిగి రోడ్డెక్కాయి. వాటి సామాను ఆటోనగర్‌లోనే దొరికింది. కొత్త తరం బండ్లు, అవి ఏ దేశపు పేరుతో ఉన్నా, కంప్యూటర్ పెట్టెల దగ్గర ఆగిపోయాయి. పెట్టె మార్చాలంటే కంపెనీ కోడింగ్ కావాలి, కోడింగ్‌కు బండి కంప్యూటర్‌ను చదివే కంపెనీ స్కానర్ కావాలి, అది షోరూంలోనే ఉంటుంది. షోరూం ముందు వరుస. మునిగిన బండిని తాళం తిప్పినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగాయి. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో ఆ నష్టం సాధారణంగా రాదని, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంటేనే వస్తుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

మా బండ్లలో ఒకటి, బయటి దేశపు కంపెనీ డీజిల్ ఎస్‌యూవీ. దాని ఇంజిన్ గురించి ఒక్క మాట అనను. అలాంటి ఇంజిన్ మళ్లీ నడపలేదు. కానీ టర్బో దగ్గర చిన్న భాగం పోతే అది రావడానికి ఒక సీజన్ గడిచిపోయింది. దసరా కిరాయిలన్నీ పోయాయి, ఈఎంఐ మాత్రం ఆగలేదు. బండి షెడ్డులో కవరు కప్పుకుని ఉంటే దాని డ్రైవరు ఖాళీగా కూర్చున్నాడు. అతనికీ ఇల్లు గడవాలి. ఇంకోవైపు మన దేశపు కంపెనీ బండి ఒకటి ఉంది. తలుపు సీళ్లు, కిటికీ మోటార్లు, డ్యాష్‌బోర్డు స్క్రీన్ ఆగిపోవడం, ఏదో ఒక చిన్న పని తగులుతూనే ఉంటుంది. అయితే పొద్దున ఇస్తే సాయంత్రానికి వచ్చేస్తుంది. రోడ్డు మీద నిలబెట్టలేదు. ఈ రెంటిలో ఏది నమ్మకమైనది? ట్రావెల్స్ నడిపేవాడిగా నాకు రెండోదే. నెలకోసారి ఊరెళ్లే కుటుంబానికి మొదటిదే కావచ్చు. ఎంత తరచుగా చెడింది, చెడితే ఎన్నాళ్లు ఆగింది అనే రెండు అంకెలు విడివిడిగా తెలిస్తే ఎవరికి తగ్గది వాళ్లు ఎంచుకుంటారు.

సామాను విషయంలో ఇంకో భయం ఉంది. జనరల్ మోటార్స్ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు ఇస్తామని మాటిచ్చారు. కానీ ప్రకటన వచ్చిన మర్నాడే సెకండ్ హ్యాండ్ బేరాల్లో ఆ బండ్ల ధర ఎలా పడిపోయిందో మా కళ్లారా చూశాం. నిన్నటిదాకా బంగారంలాంటి కారు, మర్నాటికి ఎవరూ అడగని కారు. కారులో ఒక్క బోల్టు కూడా మారలేదు.

మన కంపెనీలు ఈ విషయంలో మహా ఉదారమని కూడా అనలేం. విడిభాగాలనూ స్కానర్లనూ బయటి మెకానిక్‌లకు అందకుండా కట్టడి చేస్తున్నారని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ జాబితాలో మారుతి, టాటా, మహీంద్రా ఉన్నాయి. టయోటా, హోండా, ఫోర్డ్, ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ ఉన్నాయి. కంపెనీలు అప్పీళ్లకు, కోర్టులకు వెళ్లాయి. 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో వాహనాలనూ చేర్చింది. మంచిదే. కానీ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రి ఇవాళ్టికీ కొత్త బండి బానెట్ ఎత్తి కేస్ షీట్ లేని రోగిని చూసినట్టు చూడాల్సి వస్తోంది. ఆయన చేతిలో పని తక్కువేం లేదు. ఆయనకు అందాల్సిన సమాచారం అందడం లేదు.

ఇప్పుడు మీ శాఖ చేయగలిగినవి అడుగుతాను. ఎక్కువ అడగడం లేదు, ఉన్నదాన్ని బయటపెట్టమంటున్నాను.

మా పసుపు బోర్డు బండ్లకు ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. మీరే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు పెట్టిస్తున్నారు. అక్కడ బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, పొగ అన్నీ యంత్రం మీద పరీక్షిస్తారు. ఆ ఫలితాలను ఓనరు పేరు, బండి నంబరు తీసేసి మోడల్ వారీగా, తయారైన సంవత్సరం వారీగా ఏటా ప్రచురించండి. ఫలానా మోడల్, ఆరేళ్ల వయసు, వందలో ఇన్ని ఫెయిలయ్యాయి, ఇందుకు ఫెయిలయ్యాయి. అంతే చాలు. బ్రిటన్‌లో ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష ఫలితాలు ఇలాగే అందరికీ అందుబాటులో ఉంటాయి, నంబరు ప్లేటు కొడితే ఆ బండి చరిత్ర కూడా కనిపిస్తుంది. జర్మనీలో టూవ్ సంస్థ తనిఖీ నివేదిక చూసి సెకండ్ హ్యాండ్ కొంటారు. టాక్సీలు మామూలు కార్ల కంటే కొన్ని రెట్లు ఎక్కువ తిరుగుతాయి కాబట్టి మా బండ్లలో నాలుగేళ్లకు కనిపించే లోపం ఇంటి కార్లలో పదేళ్లకు బయటపడుతుంది. మా లెక్కలు దేశానికంతటికీ ముందస్తు హెచ్చరికలా పనికొస్తాయి.

రెండోది రీకాల్ ఫిర్యాదులు, అంటే లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయాలని కోరే ఫిర్యాదులు. 2021 ఏప్రిల్ నుంచి ఏడేళ్లలోపు బండ్లకు ఓనర్లు మీ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే వీలు పెట్టారు. అమ్మకాల సంఖ్యను బట్టి ఇన్ని ఫిర్యాదులు దాటితే రీకాల్ చేయించవచ్చని, 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంటుందని నిబంధన తెచ్చారు. ఏ మోడల్ మీద ఇప్పటిదాకా ఎన్ని వచ్చాయో కొనబోయేవాడికి కనిపించేలా పెట్టండి. అమెరికాలో రవాణా భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా మోడల్ పేరు కొట్టి ఓనర్ల ఫిర్యాదులు చదువుకోవచ్చు. ఈ పోర్టల్ ఉందని మా స్టాండ్‌లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఆర్టీఏ ఆఫీసు గోడ మీద తెలుగులో ఒక బోర్డు పెట్టించినా సగం పని అవుతుంది.

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ మీద కూడా ఇదే మాట. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లు దానికి తగ్గ భాగాలతో వస్తున్నాయి. అంతకుముందువి కొన్నవాళ్లు గొట్టం కారినా, పంపు పోయినా పెట్రోలునే అనుమానిస్తున్నారు. వాళ్ల అనుమానం నిజమో కాదో సంవత్సరం వారీగా లెక్క ఇస్తే తేలిపోతుంది. లెక్క లేనంతకాలం ఎవరి నోటికొచ్చింది వాళ్లు అంటూనే ఉంటారు.

కార్లు గుద్దుకుంటే ఎంత భద్రమో చెప్పడానికి మీరే 2023లో భారత్ ఎన్‌క్యాప్ అనే చుక్కల (స్టార్) రేటింగ్ తెచ్చారు. ఆ చుక్కల పుణ్యమా అని ఇవాళ మా దగ్గరికొచ్చే కుర్రాళ్లు మైలేజీతో పాటు "సేఫ్టీ రేటింగ్ ఎంత బాబాయ్" అని అడుగుతున్నారు. కంపెనీలు కూడా ఐదు చుక్కల కోసం పోటీ పడుతున్నాయి. మన్నిక మీద అలాంటి అంకె వచ్చిన రోజు మన కంపెనీ కిటికీ మోటార్ల నాణ్యత పెంచుతుంది, బయటి కంపెనీ విడిభాగాల గోడౌన్ విజయవాడకు దగ్గర్లో పెడుతుంది. అమ్మకాలు ఆపేసే కంపెనీ చివరి కారు అమ్మిన నాటి నుంచి పదేళ్లపాటు విడిభాగాలు ఇవ్వాలని, స్కానర్ కోడింగ్ బయటి మేస్త్రులకు తెరవాలని చట్టంలోనే రాయండి. మాటిచ్చారులే అని వదిలేస్తే సరిపోదు.

ముందుగా ఒక్క ఆంధ్రప్రదేశ్ పసుపు బోర్డు కార్ల ఫిట్‌నెస్ ఫలితాలతో మొదలుపెట్టినా సంతోషమే. మా ఊరి ట్రావెల్స్ వాళ్లం సర్వీసు బిల్లులు, రిపేరు రసీదులు, బండి ఎన్నాళ్లు ఆగిందో రాసుకున్న డ్రైవర్ల డైరీలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ఎవరికి, ఏ రూపంలో ఇవ్వాలో చెప్పండి.

ఇట్లు,
పటమట నుంచి ఒక ట్రావెల్స్ యజమాని,
విజయవాడ